ఉప్పుటేరా, విషవాయువా, కొల్లేరా: మీ చదువుకు ఏ నవల?

గుర్తింపు, జ్ఞాపకం, పర్యావరణం. ఈ మూడు మాటల్నీ పక్కపక్కన పెట్టి వెతికితే, దక్షిణాసియాలో ముప్పై ఏళ్లుగా వచ్చిన నవలల్లో చాలావాటికి ఏదో ఒక దారిన చోటు దొరుకుతుంది. ఎం.ఏ. ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో నవల ఎంచుకోవాల్సిన విద్యార్థికి చిక్కు ఇక్కడే. నెలకోసారి కూర్చుని ఒక పుస్తకం గురించి మాట్లాడుకునే బృందానికీ అంతే. జాబితాలకు కొదవ లేదు. ఏది ఎవరికి పనికొస్తుందో, ఏది ఎక్కడ మొరాయిస్తుందో చెప్పేవాళ్లే తక్కువ. విశాఖ చదువరిని మనసులో పెట్టుకుని ఇక్కడ తొమ్మిది నవలల్ని తూచి చూస్తున్నాం. కొన్నింటి దగ్గర ఎక్కువసేపు ఆగుతాం, కొన్నింటికి నాలుగు మాటలు చాలు.

ముందు ఒక పరీక్ష

నవల జరిగే చోటును మనసులో మార్చి చూడండి. బెంగాల్ తీరపు మడ అడవులైన సుందర్‌బన్స్ కథను భీమిలికి తెచ్చినా ఇబ్బంది లేకుండా నడిచిపోతుందంటే, అందులో నది, అడవి, సముద్రం వర్ణనకే ఉన్నాయన్నమాట. చోటు మారగానే కథ ఆగిపోతుందంటే అక్కడ నేల, నీళ్లు కూడా పాత్రలే. పర్యావరణం పేరుతో పరిశోధన చేసేవారు రెండో రకాన్నే ఎంచుకోవాలి. మొదటి రకంతో మొదలుపెట్టినవాళ్లు రెండో అధ్యాయానికే సూర్యాస్తమయాలు ఏరుకుంటూ కూర్చుంటారు.

జ్ఞాపకానికి వేరే పరీక్ష ఉంది. ఆ జ్ఞాపకం ఎవరిది, ఎవరికి చెబుతున్నారు, ఎందులో దాచారు? నోటుబుక్కులోనా, టేపులోనా, పాటలోనా, ఒంటిమీది మచ్చలోనా? మంచి నవలలో ఎందులో దాచారో దాన్ని బట్టి జ్ఞాపకం ఆకారం మారుతుంది. కథానాయకుడు కిటికీ పక్కన కూర్చుని చిన్నప్పటి రోజులు తలచుకున్నంత మాత్రాన అది జ్ఞాపకం మీద రాసిన నవల అయిపోదు.

అమితవ్ ఘోష్ రెండు నవలలు: ఏది ముందు?

'ది హంగ్రీ టైడ్' 2004లో వచ్చింది, 'గన్ ఐలండ్' 2019లో. రెండింట్లోనూ సుందర్‌బన్స్ ఉంది, రెండింట్లోనూ పియా అనే డాల్ఫిన్ల పరిశోధకురాలు ఉంది. దాంతో ఒకటి చదివితే రెండోది చదివినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇవి రెండూ భిన్నమైన పద్ధతుల్లో రాసిన పుస్తకాలు.

'హంగ్రీ టైడ్' పైన చెప్పిన రెండు పరీక్షల్లోనూ నెగ్గుతుంది. నవలలో రెండు భాగాలు, వాటి పేర్లు ఆటు, పోటు. బెంగాలీలో భాటా, జోవార్. కథ నడక కూడా అలాగే ఉంటుంది: నీళ్లు తగ్గినప్పుడు పాత సంగతులు బయటపడతాయి, పోటెత్తినప్పుడు మనుషులు కొట్టుకుపోతారు. విశాఖ చదువరి ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. మన తీరంలో ఆటుపోట్ల తేడా సుమారు ఒకటిన్నర మీటరే. సుందర్‌బన్స్‌లో అది మూడు నుంచి ఐదు మీటర్ల దాకా ఉంటుంది. పొద్దున కాలు పెట్టిన బురదదిబ్బ మధ్యాహ్నానికి కనిపించదు. మన బీచ్‌ను కళ్ల ముందు పెట్టుకుని చదివితే రచయిత అతిశయోక్తి చెబుతున్నాడనిపిస్తుంది. ఆ అంకెలు మనసులో ఉంచుకుంటే ప్రతి పడవ ప్రయాణంలోనూ ఎంత లెక్క ఉందో అర్థమవుతుంది.

జ్ఞాపకం ఇందులో ఒక నోటుబుక్కులో ఉంది. నిర్మల్ అనే బడిపంతులు 1979లో మరిచ్‌ఝాపి దీవిలో కూర్చుని రాసి, భార్య వైపు బంధువైన కనాయ్ కోసం వదిలిన పుస్తకం అది. తూర్పు బెంగాల్ కాందిశీకుల్ని దండకారణ్యంలో స్థిరపరిచారు. వాళ్లలో వేలమంది 1978లో సుందర్‌బన్స్‌కు వచ్చి మరిచ్‌ఝాపిలో ఊరు కట్టుకున్నారు. అది రక్షిత అడవి అంటూ మరుసటి ఏడాది ప్రభుత్వం వాళ్లను బలవంతంగా ఖాళీ చేయించింది. ఉత్తరాంధ్ర వాళ్లకు ఈ దండకారణ్యం దూరదేశం కాదు. అప్పట్లో కోరాపుట్ జిల్లాలో భాగమైన మల్కన్‌గిరి ఆ పునరావాస ప్రాంతాల్లో ఒకటి, అది మన మన్యం సరిహద్దుకు అవతలే ఉంది. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం కూడా దండకారణ్య పథకాల కాలంలో వేసిందే. ఆ కాందిశీకులు వదిలి వెళ్లిన నేల మన పొరుగున ఉంది. ప్రాజెక్టుకు స్థానిక కోణం కావాలని గైడు అడిగితే ఇంతకంటే గట్టిది దొరకదు.

బృందంలో చర్చ వేడెక్కాలంటే పులి అధ్యాయం తీసుకోండి. ఊళ్లోకి వచ్చి చిక్కుకున్న పులిని జనం తగలబెడతారు. పియా అడ్డుపడుతుంది. ఆమె నమ్మకం పెట్టుకున్న జాలరి ఫోకిర్ మాత్రం ఆ జనంలోనే ఉంటాడు. అడవితో కలిసి బతికేవాడు అడవిని పూజిస్తూ ఉంటాడనే మన తేలికపాటి ఊహ అక్కడ విరుగుతుంది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదని గుర్తుపెట్టుకుని చదవండి. పియా బెంగాలీ మూలాలున్న అమెరికన్, బెంగాలీ రాదు. ఫోకిర్‌కు మరో భాష రాదు. గుర్తింపు గురించి రాసే విద్యార్థులు కనాయ్, పియాల మీద ఇరవై పేజీలు రాసి ఫోకిర్‌ను ప్రకృతిలో కలిపేస్తారు. ఈ నవల మీద వచ్చే వ్యాసాల్లో తరచూ కనిపించే లోపం ఇదే.

తుపాను అధ్యాయాలు మన ఊరివాళ్లకు వేరే వివరణ లేకుండానే అందుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కన్ను నగరం మీదుగా దాటింది. గాలి ఒక్కసారి ఆగి, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి లేచింది. ఘోష్ రాసిన తుపాను కూడా అలాగే తిరగబడుతుంది. ఆ తిరగబడటం మీదే ముగింపు ఆధారపడి ఉంది కనుక అక్కడ ఏ దిక్కు గాలో గుర్తుపెట్టుకుంటూ చదవాలి.

'గన్ ఐలండ్' తూకం వేరు. పాత పుస్తకాల వ్యాపారి దీన్ దత్తా, పాముల దేవత మనసాదేవి కోపానికి గురైన బందూకీ సదాగర్ కథ వెంట సుందర్‌బన్స్ నుంచి లాస్ ఏంజిలస్ కార్చిచ్చుల మీదుగా వెనిస్ దాకా వెళతాడు. వెనిస్‌కు అరబ్బీలో ఉన్న పేరులోంచి 'బందూకీ' అనే మాట ముడి విప్పడం చాలా బావుంటుంది. కానీ కథ యాదృచ్ఛిక సంఘటనల మీద నడుస్తుంది. వాస్తవిక నవలకు అలవాటుపడిన చదువరికి ఇది మధ్యలో బిగుసుకుంటుంది. దేవతల మహిమలు చెప్పే బెంగాలీ మంగళకావ్యాల పద్ధతిలో, మన పల్లెల్లో అమ్మవారి కథ చెప్పే తీరులో చదివితే ఆ యాదృచ్ఛికాలు ఇబ్బంది పెట్టవు. వలసలు, వాతావరణ మార్పు మీద రాసేవారికి ఇది సరిపోతుంది. జ్ఞాపకం మీద రాసేవారికి మొదటిదే మేలు. రెండూ చదవాలంటే వరస మార్చొద్దు: పియా రెండో పుస్తకంలో ఎందుకంత ముభావంగా ఉందో మొదటిది చదివితేనే తెలుస్తుంది.

విషం గురించి: 'యానిమల్స్ పీపుల్', 'ఎన్మకజె'

ఇంద్రా సిన్హా 'యానిమల్స్ పీపుల్' 2007లో బుకర్ తుది జాబితాకు వెళ్లింది. ఖావ్‌ఫుర్ అనే కల్పిత నగరంలో జరుగుతుంది. అది 1984 డిసెంబరు 2–3 రాత్రి తరవాతి భోపాల్ అని ఎవరికైనా తెలిసిపోతుంది. చెప్పేవాడి వెన్ను విషం వల్ల వంగిపోయింది, నాలుగు కాళ్ల మీద నడుస్తాడు, తన పేరు యానిమల్ అంటాడు, తను మనిషి కాదంటాడు. ఇక్కడ గుర్తింపు, జ్ఞాపకం, పర్యావరణం మూడూ ఒకే ఒంట్లో ఉన్నాయి. మూడు అధ్యాయాలుగా విడగొట్టాలని చూస్తే విడిపోవు, ఆ కష్టమే దీని బలం.

కథ మొత్తం టేపుల్లో చెప్పినట్టు ఉంటుంది, టేపులు 23. బృందానికి ఇది వరం: ముద్రణలు వేరైనా, పేజీ నంబర్లు కలవకపోయినా, టేపు సంఖ్య చెబితే అందరూ ఒకే చోటికి వస్తారు. భాష మొదట్లో ఆపేస్తుంది. ఇంగ్లిషు స్పెల్లింగుల్లో హిందీ, మధ్యలో ఫ్రెంచి, నిండా బూతులు. మొదటి రెండు టేపులు పైకి చదవండి. కంటికి వింతగా కనిపించిన మాట చెవికి మామూలు హిందీగా వినిపిస్తుంది. పాడుబడిన ఫ్యాక్టరీ ఆవరణలో చెట్లు పెరిగినా పిట్ట కూత, పురుగు చప్పుడు లేని నిశ్శబ్దాన్ని రాసిన పేజీలు రెండుసార్లు చదవదగ్గవి. పచ్చదనం కనిపిస్తే ప్రకృతి కోలుకున్నట్టేననే అపోహకు అంతకన్నా సూటి జవాబు లేదు.

విశాఖలో ఈ నవల తీసుకుంటే చర్చ 2020 మే 7 వైపు వెళ్లకమానదు. ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఊరి మీదకు వచ్చిన తెల్లవారుజాము అది. ఆ పోలిక తేవాల్సిందే, కానీ తేడాలు చెరిపేయొద్దు. భోపాల్‌లో బయటికొచ్చింది మిథైల్ ఐసోసయనేట్. ట్యాంకులోకి నీళ్లు చేరి రసాయన చర్య అదుపు తప్పింది, మృతుల సంఖ్య వేలల్లో. ఇక్కడ లాక్‌డౌన్‌లో నిల్వ ఉండిపోయిన స్టైరీన్ ట్యాంకులో వేడి పెరిగి తనంతట తానే పాలిమర్‌గా మారడం మొదలైంది. పన్నెండు మంది చనిపోయారు. రెండింటినీ ఒకే వాక్యంలో పెట్టి 'మన భోపాల్' అనేస్తే రెండు ఊళ్ల బాధితులకూ అన్యాయమే. నవల నేర్పేది వేరొకటి ఉంది. వార్త చల్లారిన తరవాతి ఇరవై ఏళ్లలో ఆస్పత్రి మీద అనుమానం, కోర్టు వాయిదాలు, బయటి విలేఖరి రాక ఊరిని ఎలా మారుస్తాయో చూపిస్తుంది. చర్చను అక్కడికి నడిపించండి.

అంబికాసుతన్ మాంగాడ్ మలయాళ నవల 'ఎన్మకజె' (2009) కాసర్‌గోడ్ జీడితోటల మీద హెలికాప్టర్లతో చల్లిన ఎండోసల్ఫాన్ కథ. జె. దేవిక ఇంగ్లిషు అనువాదం 'స్వర్గ' పేరుతో 2017లో వచ్చింది. ఎన్మకజె అక్కడి పంచాయతీ, స్వర్గ అందులోని ఊరు. అనువాదం ఊరి పేరునే ఎంచుకోవడంతో మాటలో రెండో అర్థం చేరింది. భోపాల్ ఒక్క రాత్రి పని, ఇది ఏళ్ల తరబడి సాగిన పని. 2011లో విమర్శకుడు రాబ్ నిక్సన్ ప్రతిపాదించిన 'నిదానపు హింస' (కంటికి కనబడకుండా ఏళ్ల తరబడి సాగే హాని) అనే భావనకు ఈ రెండో రకమే ఇంకా దగ్గర. ఆయన పుస్తకంలో 'యానిమల్స్ పీపుల్' మీదే అధ్యాయం ఉంది కనుక చాలామంది విద్యార్థులు ఆ అధ్యాయాన్నే తిప్పి రాస్తున్నారు. అదే భావనను 'ఎన్మకజె'కు పెట్టి చూస్తే కొత్తగా చెప్పడానికి చోటుంటుంది. బలహీనత కూడా చెప్పాలి: రెండో సగంలో నవల ఉద్యమ కరపత్రంలా మాట్లాడుతుంది. సమాచారం కోసం చదివేవారికి అది ఇబ్బంది కాదు, కథ కోసం చదివేవారు విసుగుపడతారు.

జీడితోటలనగానే పలాస, ఉద్దానం గుర్తొస్తాయి. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. నవల చదివిన ఊపులో దాన్ని ఎండోసల్ఫాన్‌కు ముడిపెట్టి రాయొద్దు. వైవాలో మొదటి ప్రశ్న అక్కడే పడుతుంది.

తెలుగులో చదవాలంటే

తెలుగులో గుర్తింపు, జ్ఞాపకం, పర్యావరణం మూడూ కలిసిన నవల లేదనే మాట తరచూ వినిపిస్తుంది. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' చదవకుండా అనే మాట అది. చేపల చెరువుల గట్లు లేవకముందు కొల్లేరు ఎలా ఉండేది, వరద వచ్చి పోయే వరసను బట్టి సాగు, చేప, పడవ, పక్షి, కులం ఎలా కుదురుకుని ఉండేవి అన్నది బాల్య జ్ఞాపకాల మీదుగా వస్తుంది. చోటు మార్చే పరీక్ష పెట్టి చూడండి, ఈ నవలను కొల్లేరు నుంచి అంగుళం కదపలేం.

ఎంపికలో తేల్చుకోవాల్సింది తెలుగు మూలమా, వసంత్ కన్నబిరాన్ ఇంగ్లిషు అనువాదమా అన్నది. ఇంగ్లిషు శీర్షికకు 'మెల్లగా చచ్చిపోతున్న సరస్సు' అని అర్థం. తెలుగు శీర్షికలో చావు లేదు, జాడ ఉంది. జాడ అంటే పోయినదాని గుర్తు, పట్టుకుని వెళితే చేరగల దారి కూడా. ఈ ఒక్క తేడా మీద ఒక సెమినార్ పత్రం రాయొచ్చు. చేపల పేర్లు, వలల పేర్లు, నీటి మట్టాన్ని చెప్పే మాటలు తెలుగులోనే ప్రాణంతో ఉన్నాయి కనుక ఇంగ్లిషు శాఖలో పని చేస్తున్నా మూలం పక్కన ఉంచుకోండి. చదువుతూ అలాంటి మాటల పట్టిక రాసుకుంటే దానికదే ఒక అనుబంధం అవుతుంది. ఇందులో జాగ్రత్తపడాల్సింది పాతకాలపు మోహం. వెనకటి కొల్లేరు అందరికీ ఒకేలా తియ్యనిది కాదు. భూమి ఉన్నవాడి జ్ఞాపకం వేరు, వల మీద బతికిన వడ్డీ కులస్థుల జ్ఞాపకం వేరు. ఎవరి కళ్లతో చూస్తున్నామో ప్రతి అధ్యాయంలోనూ అడగాలి. అభయారణ్య ప్రకటన (1999), చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు (2002), ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి చెరువు గట్లను కొట్టేసిన 2006 నాటి ఆపరేషన్ కొల్లేరు, ఈ మూడు తేదీలూ అట్ట లోపల రాసుకుంటే చర్చ గాలిలో తేలదు.

జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' (2000) జ్ఞాపకం విషయంలో తెలుగులో శిఖరం. రూతు చెబుతుంది. ఆమె చూసినదానికన్నా రూబేను ద్వారా విన్న తాతముత్తాతల బతుకే ఎక్కువ. పాట, వీధిభాగోతం, కరువు, వలస, మతం మారడం అన్నీ విన్న జ్ఞాపకంగానే వస్తాయి. దీన్ని పర్యావరణ నవల అనడం సాగదీయడమే. కానీ కరువు రోజుల్లో నీళ్లు ఎవరివి, కాలువ పని ఎవరికి దొరికింది, ఎవరిని తరిమేశారు అన్న పేజీలు 'ప్రకృతి వైపరీత్యం' అనే మాటను నిలదీస్తాయి. గుర్తింపు, జ్ఞాపకం ప్రధానమై పర్యావరణం పక్కగా చాలనుకునేవారికి ఇదే సరైనది. అల్లాడి ఉమ, ఎం. శ్రీధర్ ఇంగ్లిషు అనువాదం ఉంది.

మిగిలిన మూడు, క్లుప్తంగా

రొమేశ్ గుణశేకర 'రీఫ్' (1994) రెండు వందల పేజీల లోపు. పరీక్షలు దగ్గరపడ్డ విద్యార్థికీ, కొత్తగా మొదలైన బృందానికీ ఇదే చెబుతాం. శ్రీలంకలో సముద్రజీవుల మీద పనిచేసే సల్గాడో ఇంట్లో వంటవాడైన ట్రైటన్, ఏళ్ల తరవాత లండన్ నుంచి గుర్తుచేసుకుంటాడు. పగడపు దిబ్బ కరగడం, దేశం కరగడం పక్కపక్కనే జరుగుతాయి. వంట వర్ణనల్లో మునిగి దిబ్బను మరిచిపోవడం ఇందులో ప్రమాదం.

అనుక్ అరుద్‌ప్రగాసం 'ఎ ప్యాసేజ్ నార్త్' 2021 బుకర్ తుది జాబితాలో ఉంది. సంభాషణలు దాదాపు లేవు, వాక్యాలు పేజీ పొడవున సాగుతాయి. యుద్ధం తరవాతి జ్ఞాపకం మీద ఇంత నెమ్మదిగా ఆలోచించిన నవలలు అరుదు. పర్యావరణం మాత్రం పలచన. రోజుకు పది పేజీలకు మించి చదవొద్దు, బృందానికి అసలే వద్దు.

కమీలా షంసీ 'బర్న్ట్ షాడోస్' (2009) నాగసాకి నుంచి ఢిల్లీ, కరాచీ, న్యూయార్క్ దాకా వెళుతుంది. కిమోనో మీది కొంగల బొమ్మలు బాంబు వేడికి హిరోకో వీపు మీద అచ్చుపడతాయి. జ్ఞాపకాన్ని ఒంటిమీద దాచడానికి గొప్ప ఉదాహరణ. చోటు మార్చే పరీక్షలో మాత్రం నిలవదు. పర్యావరణం శీర్షిక కింద పెట్టకండి.

ఎంచుకున్నాక ఎలా చదవాలి

ప్రాజెక్టుకు ఒక ప్రధాన నవల, పోలికకు రెండోది. మూడోది వద్దు. నవలకొక అధ్యాయం అయిపోయి పోలిక చివరి నాలుగు పేజీలకు మిగులుతుంది. 'హంగ్రీ టైడ్' పక్కన 'కొల్లేటి జాడలు', 'యానిమల్స్ పీపుల్' పక్కన 'ఎన్మకజె' బాగా కుదురుతాయి.

మొదటి చదువులో సిద్ధాంత పుస్తకం ముట్టుకోవద్దు. నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయండి: పేజీ లేదా అధ్యాయం పేరు, ఎవరి జ్ఞాపకం, ఏ చోటు, ఎవరికి చెబుతున్నారు. నలభై యాభై నమోదులు అయ్యాక ఏ గడి పదేపదే ఖాళీగా ఉంటోందో చూడండి. 'ఎవరికి చెబుతున్నారు' గడిలో ఒకే రకం మనుషులు వస్తుంటే, బయటివాళ్లో చదువుకున్నవాళ్లో, మీ వాదం అక్కడ దొరికినట్టే. సిద్ధాంతం ముందు చదివితే ఈ గళ్లు నిండవు, అందులో కావాల్సిన వాక్యాలే కంటికి తగులుతాయి.

బృందానికైతే 'హంగ్రీ టైడ్' నాలుగు వందల పేజీలు, నాలుగు బైఠకులు. రోజుకు పాతిక పేజీల చొప్పున పదహారు రోజుల చదువు. అధ్యాయాలు చిన్నవి, ప్రతిదానికీ పేరుంది, పేరుతోనే చెప్పుకోండి. మరిచ్‌ఝాపి మృతుల సంఖ్యను నవల నుంచి ఎత్తి రాయొద్దు, అది ఇప్పటికీ వివాదంలో ఉంది. కొనేముందు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ, విశ్వవిద్యాలయంలో ప్రవేశం ఉంటే వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలోనూ ఒకసారి అడగండి.

'కొల్లేటి జాడలు' తీసుకునేవాళ్లు కుదిరితే నవంబరు, ఫిబ్రవరి మధ్య చదవండి. అప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూడకొంగలు ఉంటాయి. అంత దూరం వెళ్లలేనివాళ్లకు అనకాపల్లి దిక్కున కొండకర్ల ఆవ ఉంది. పుస్తకం తీసుకెళ్లి, నీళ్లు ఎక్కడ ఆగి గట్టు ఎక్కడ మొదలవుతుందో చూసి, ఆ పేజీలు అక్కడే మళ్లీ చదవండి.